ఈ మూడంతస్తుల భవనానికి అగ్నిమాపక తనిఖీ ఎవరి బాధ్యత?

మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న పట్టణం. మా వీధిలో ఒక భవనం ఉంది: కింద బట్టల దుకాణం, మధ్యలో దాని గోదాము, పైన కోచింగ్ సెంటర్. మెట్లదారి ఒక్కటే, అదీ అట్టపెట్టెలతో సగం మూసుకుపోయి ఉంటుంది. మా అన్నయ్య కూతురు అక్కడే చదువుతోంది. మున్సిపల్ కార్యాలయంలో అడిగితే అగ్నిమాపక శాఖ వైపు చూపించారు. అక్కడేమో, వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తు ఉంటేనే తమ నిరభ్యంతర పత్రం కావాలి, ఇది అంత లేదు అన్నారు. ఎత్తు తక్కువైతే పొగ పైకి రాదా?

అగ్నిమాపక సేవలు రాజ్యాంగం 12వ షెడ్యూలులో పురపాలికలకు అప్పగించదగిన 18 విషయాల్లో ఒకటి. మన దగ్గర ఆ శాఖ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది. అలాంటప్పుడు వార్డు కౌన్సిలర్ దీన్ని కౌన్సిల్ సమావేశంలో పెట్టించినా, ఆ తీర్మానాన్ని శాఖ పట్టించుకోవాలా? లేక ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది మున్సిపాలిటీయే కాబట్టి ఆ దారిన వెళ్లడం మేలా? పిల్లలు గుమిగూడే చోటు కనుక కోచింగ్ సెంటర్‌కు వేరే నిబంధన వర్తిస్తుందా?

సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఇలాంటి భవనానికి తనిఖీ చేయించినవారు ఉంటే, అర్జీ ఎవరి పేరున పెట్టారో చెప్పండి. యజమానితో మాట్లాడమని మాత్రం అనకండి, ఆ ముచ్చట అయిపోయింది.