కొత్త టెన్‌పిన్ బౌలింగ్ బంతికి పిన్ గుర్తు వేళ్ల రంధ్రాల పైన ఉండాలా, కింద ఉండాలా?

బత్తాయితోట (నల్గొండ): బంతి దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట నాది, ఇన్నాళ్లూ బౌలింగ్ కేంద్రంలో ఉండే బంతులతోనే ఆడాను. ఇప్పుడు సొంతంగా ఒకటి కొన్నాను. 15 పౌండ్లు, సిమెట్రిక్ కోర్ (లోపలి బరువు దిమ్మ సమంగా ఉండేది), రియాక్టివ్ రకం (పొడి చోట బాగా పట్టు చూపే పైపొర). ఆదివారం హైదరాబాద్ వెళ్లి రంధ్రాలు వేయించాలి. డ్రిల్లింగ్ చేసే ఆయన ఫోనులో "పిన్ వేళ్ల పైన పెట్టమంటారా, కిందా?" అని నన్నే అడిగారు. నాకే తెలిస్తే ఆయన దాకా ఎందుకు వెళ్తాను? ఆడేది నెలకు రెండు సార్లు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు పదోపిన్: పైనే. బంతి మీద చిన్న రంగు చుక్క ఉంటుంది చూడండి, అదే పిన్ (పడగొట్టే పిన్ కాదు). లోపలి కోర్ తల అటు ఉందని గుర్తు. దాన్ని వేళ్ల పైన ఉంచితే బంతి నూనె మీద తొందరపడకుండా జారి, పొడి భాగం తగలగానే గట్టిగా మలుపు తిరుగుతుంది. బంతి దొర్లే దారి, అంటే లేన్, 60 అడుగులు, మామూలు కేంద్రాల్లో నూనె దాదాపు 40 అడుగుల దాకా పూస్తారు. అసలు ఆటంతా ఆ చివరి 20 అడుగుల్లోనే. పిన్ కింద పెడితే బంతి ముందే దొర్లడం మొదలుపెట్టి, చివరికి చేరేసరికి నీరసిస్తుంది. పిన్ నుంచి పీఏపీకి నాలుగున్నర అంగుళాలు పెట్టించుకోండి, ఇక చూసుకోనక్కరలేదు.

బత్తాయితోట: పీఏపీ అంటే?

సాగర్ ఎడమచేయి: చూశారా, అది తెలియని మనిషికి నాలుగున్నర చెప్పారు! తమ్ముడూ, బంతి మీ చేయి వదిలిన క్షణాన ఒక అక్షం చుట్టూ తిరుగుతుంది కదా, ఆ అక్షం బంతి ఉపరితలాన్ని తాకే చోటే పీఏపీ. ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉంటుంది. మా వైపు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని బోరు పాయింటు చూపే పెద్దమనిషి కూడా ముందు పొలమంతా తిరుగుతాడు. పదోపిన్ గారు మహబూబ్‌నగర్‌లో కూర్చొని నల్గొండ పొలంలో పాయింటు పెట్టేశారు. పిన్ సంగతి తర్వాత. బొటనవేలికి, వేళ్లకు మధ్య దూరం సరిగా లేకపోతే చేయి బంతిని పిసికి పట్టుకుంటుంది, వేలు సాఫీగా బయటకు రాదు. ఆ తర్వాత పై నునుపు. 500 గ్రిట్ గరుకు కాగితం పట్టించిన బంతికీ 4000 పట్టించిన బంతికీ ఉన్న తేడా ముందు మీ పైనా కిందా ఎంత?

జడ్చర్ల జంక్షన్: నేను బొటనవేలు రంధ్రమే వేయించలేదు. రెండు చేతులతో ఆడతాను, ఆస్ట్రేలియా చాంపియన్ జేసన్ బెల్మాంటేలాగా. స్కోరు మాత్రం ఆయనలాగా రాదు.

పాలమూరు పదోపిన్: నునుపు గురించి ఎవరు అడిగారు? ప్రశ్న పిన్ గురించి. అది నెల తిరిగేలోపు అరిగిపోతుంది, రంధ్రాలు అలాగే ఉంటాయి.

సాగర్ ఎడమచేయి: పిన్ గురించే అయితే పిన్ నుంచి పీఏపీకి 3 3/8 అంగుళాల దగ్గర ఫ్లేర్ (బంతి దొర్లే గీత చుట్టుచుట్టుకూ పక్కకు జరగడం) అన్నిటికన్నా ఎక్కువ. అంటే ప్రతి చుట్టుకూ నూనె అంటని కొత్త భాగం లేన్‌ను తాకుతుంది. మీ నాలుగున్నరలో అది తగ్గుతుంది. కొత్తవాడికి తగ్గించి ఎందుకు ఇస్తున్నారు?

పాలమూరు పదోపిన్: ఫ్లేర్ వేరు, హుక్ (మలుపు) వేరు. మూడేళ్లుగా చెబుతున్నాను.

సాగర్ ఎడమచేయి: నాలుగున్నర అనే మాట వింటేనే నాకు మండుతుంది. 2021లో నా బంతికి మీరు చెప్పిన కొలత అదే. తీరా చూస్తే మలుపే లేదు. అదనపు రంధ్రం వేసి సరిచేద్దామంటే 2020 ఆగస్టు 1 నుంచి యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంఘం) నిబంధనల్లో బ్యాలెన్స్ రంధ్రాలు నిషిద్ధం. పూడ్పించి మళ్లీ వేయించుకున్నాను, డబ్బు నాదే.

పాలమూరు పదోపిన్: మీ పీఏపీ కొలిచినప్పుడు పక్కనే ఉన్నాను. కొలత సరైనదే. నెల తర్వాత మీరు మణికట్టుకు పట్టీ కట్టారు, బంతి వదిలే తీరు మారింది, పీఏపీ జరిగింది. తప్పు బంతిది అంటారేమిటి?

సాగర్ ఎడమచేయి: ఆ పట్టీ కట్టుకోమన్నది ఎవరు? మీరే! చేతి తీరు మార్చుకోమని చెప్పదలచుకున్నవారు పాత చేతికి బంతి ఎందుకు కోయించారు? పైగా జంటల పోటీలో నన్ను తప్పించి మీ మేనల్లుడిని ఆడించారు.

దేవరకొండ దారి: ఓహో, ఇదా సంగతి.

పాలమూరు పదోపిన్: మేనల్లుడి మాట ఇక్కడ వద్దు. మీరు అన్నదానికి మాత్రం జవాబు చెబుతాను. రేపటి చేతికి ఇవాళ ఎవరూ కొలత తీయలేరు. ఉన్న చేతికి కోయిస్తాం, చేయి మెరుగైతే ఇంకో బంతి కొంటాం. అందరూ చేసేది ఇదే.

సాగర్ ఎడమచేయి: వారానికి మూడు రోజులు ఆడేవారు చేసేది. ఒక్క ఆటకు వంద కిలోమీటర్లు వెళ్లేవారికి ఒకే బంతి. చేయి కుదిరేదాకా ఆగమనడమే న్యాయం.

బత్తాయితోట: ఆదివారం వెళ్లి వచ్చాను. ఆయన కేంద్రం బంతితోనే అయిదుసార్లు వేయించి, బంతి మీద పడిన నూనె వలయాలు చూశారు, వాటిని బట్టే పీఏపీ తెలుస్తుందట. అయిదూ అయిదు చోట్ల ఉన్నాయి. నవ్వి ఊరుకున్నారు. కొత్త బంతి పెట్టెలోనే ఉంది. బొటనవేలు మాత్రం వాచింది.

సాగర్ ఎడమచేయి: కేంద్రం బంతిలో వేళ్లు రెండో కణుపు దాకా దూరతాయి. మీరు వేయించుకోబోయేది వేలికొన పట్టు అయితే ఆ కొలత ఎలాగూ పనికిరాదు. వాపు వేలికి గోరు వైపా, లోపలి వైపా?

పాలమూరు పదోపిన్: ఎన్నో నంబరు లేన్ మీద వేశారు? నూనె ఎప్పుడు పూశారో అడిగారా?