లాంగ్ రన్‌లో 20 కి.మీ. దాటగానే కడుపు తిప్పేస్తోంది, తప్పు పేస్‌లో (పరుగు వేగంలో) ఉందా తిండిలోనా?

నెక్లెస్ రోడ్ ఆదివారం:
అందరికీ నమస్తే. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి ఫుల్ రిజిస్టర్ చేసుకున్నా, ఇప్పటిదాకా హాఫ్‌లు నాలుగు చేశాను, 42.2 మాత్రం ఇదే మొదటిసారి. టార్గెట్ 4 గంటల 30 నిమిషాలు, అంటే కిలోమీటర్‌కి 6:24 కదా, అందుకని ఆదివారం లాంగ్ రన్‌లు కూడా 6:20 దగ్గరే లాగుతున్నా. 24 కి.మీ. దాకా ఏ ఇబ్బందీ లేదు. గత రెండు వారాలు 28, 30 పెట్టుకుంటే రెండుసార్లూ 20 దాటాక కడుపులో మెలిపెట్టడం, వికారం, ఆ తర్వాత అర్జెంటుగా మోషన్. మొన్నైతే పెట్రోల్ బంక్‌లో బాత్రూమ్ ఉండబట్టి సరిపోయింది, 23కే ఆపేసి ఆటోలో ఇంటికొచ్చాను, చాలా బాధేసింది.

నేను చేసేది చెప్తా. శనివారం రాత్రి రాజ్మా, చపాతీ. పొద్దున 4 గంటలకి ఫిల్టర్ కాఫీ, అరటిపండు, పీనట్ బటర్ రాసిన బ్రెడ్. 4:45కి స్టార్ట్. 8 కి.మీ. దగ్గర ఒక ఎనర్జీ జెల్ (పరుగులో శక్తి కోసం మింగే చక్కెర పాకం లాంటి ప్యాకెట్), 16 దగ్గర కెఫీన్ ఉన్న జెల్. దాహం వేస్తేనే నీళ్లు, వేసినప్పుడు మాత్రం అర లీటరు ఒకేసారి తాగేస్తా. మోకాలు కొంచెం లాగుతోందని మొన్న ముందే ఐబుప్రొఫెన్ (నొప్పి గోళీ) కూడా వేసుకున్నా. ఇందులో ఏది కొంప ముంచుతోంది?

ఫ్లైఓవర్ అన్న:
తమ్ముడూ, ముందు పేస్ సంగతి చూడు, తిండి తర్వాత. రేసు రోజు పరిగెత్తాల్సిన స్పీడ్‌ని నువ్వు ప్రతి ఆదివారం పరిగెడుతున్నావు. 4:30 టార్గెట్ అయితే లాంగ్ రన్ 7:00 నుంచి 7:30 మధ్య ఉండాలి, పక్కన పరిగెత్తేవాడితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, మాట తెగిందంటే స్పీడ్ ఎక్కువైనట్టే. పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్లకీ, ఒళ్లు చల్లబడ్డానికి చర్మానికీ పోతుంది, పేగులకి తగ్గిపోతుంది. స్పీడ్ పెరిగేకొద్దీ, ఉక్క పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అప్పుడు లోపలికి పంపిన జెల్ అరక్క అక్కడే కూర్చుని నీళ్లని లాగుతుంది, అదే నీ మెలిపెట్టడం, మోషనూ. అదే జెల్ నెమ్మదిగా పరిగెత్తిన రోజు ఏమీ చేయదు, నువ్వే చూస్తావు.

ఇంకోటి, మన రూట్‌లో ఫ్లైఓవర్లు ఎన్నో నీకు తెలుసు. ఎక్కేటప్పుడు వాచీలో 6:24 పట్టుకుని వేలాడకు, ఊపిరి ఒకేలా ఉండేట్టు చూసుకో, ఎక్కేటప్పుడు పోయిన సెకన్లు దిగేటప్పుడు కొన్ని వస్తాయి. మారథాన్ పేస్ ప్రాక్టీస్ కావాలంటే లాంగ్ రన్ చివర్లో ఓ 5, 6 కిలోమీటర్లు చెయ్, అదీ ఒళ్లు బాగున్న వారమే.

బీచ్ రోడ్ అక్క:
మాది వైజాగ్, ఇక్కడ ఉక్కలో ఇదంతా నేనూ పడ్డాను. రాజ్మాతోనే సగం గొడవ అయి ఉంటుంది. ముందురోజు మధ్యాహ్నం నుంచే పప్పుదినుసులు, ఆకుకూరలు, వేపుళ్లు, కారం తగ్గించేయండి. నేను రాత్రి 7:30కల్లా తెల్లన్నం, పల్చటి చారు, బంగాళదుంప కూర తినేస్తా, అంతే. పొద్దున పీనట్ బటర్ వద్దు, కొవ్వు మెల్లగా అరుగుతుంది, మీరేమో 45 నిమిషాల్లో రోడ్డు మీద ఉంటున్నారు. రెండు ఇడ్లీ గానీ బ్రెడ్డు మీద తేనె గానీ, కనీసం గంటన్నర ముందు. పాల కాఫీ, ఆపైన కెఫీన్ జెల్, రెండూ మోషన్‌ని తోసేవే, ఒక్కటి ఉంచుకోండి, అది కూడా బాత్రూమ్‌కి వెళ్లొచ్చే టైమ్ ఉండేట్టు.

జెల్ విషయానికొస్తే మీరు తినేది ఎక్కువేం కాదు, తక్కువే. ఒక్కో జెల్‌లో మామూలుగా 20 నుంచి 25 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, గంటకి 30 నుంచి 60 గ్రాములు కావాలి. కానీ ఒకేసారి మింగకుండా సగం సగం చేసి 20 నిమిషాలకోసారి, ప్రతిసారీ నాలుగు గుక్కల మామూలు నీళ్లతో తీసుకోండి. జెల్ మీద స్పోర్ట్స్ డ్రింక్ తాగొద్దు, చక్కెర మరీ చిక్కగా అయిపోతుంది. పేగులకీ ట్రైనింగ్ కావాలండీ, గంటకి 30తో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచుకుంటూ పోతే అలవాటు పడతాయి.

ఉదయం పరుగు:
నేనైతే ఖాళీ కడుపుతోనే 30 కొడతా బ్రో, ఏమీ తినకపోతే ఏ గొడవా ఉండదు.

డాక్టర్ రన్నర్:
పైన బ్రదర్ చెప్పింది అందరికీ పడదు, రేసులో 4 గంటలు పైన పరిగెత్తే మనిషి ప్రాక్టీస్‌లో అస్సలు తినకపోతే ఆ రోజు పేగులకి అన్నీ కొత్తే.

నేను రాస్తున్నది మాత్రం ఐబుప్రొఫెన్ గురించి. దయచేసి రన్‌కి ముందు ఆ గోళీలు, డైక్లోఫెనాక్ లాంటివి కూడా, వేసుకోకండి. అసలే రక్తం తగ్గిన పేగు పొరని అవి ఇంకా దెబ్బతీస్తాయి, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీల మీదా పడుతుంది. మోకాలు నొప్పి ఉంటే ఆ వారం దూరం తగ్గించి చూపించుకోండి. మోషన్‌లో రక్తం పడినా, నల్లగా వచ్చినా, పరిగెత్తని రోజుల్లో కూడా ఇలాగే ఉన్నా పేస్ మార్చి చూద్దాం అని ఆగకుండా డాక్టర్ దగ్గరికెళ్లండి.

నీళ్లకి ఒక పద్ధతి: రన్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కేజీ తగ్గితే, తాగింది కాక ఇంకో లీటరు దాకా చెమట పోయినట్టు. అలాగని పోయిందంతా తాగాలని లేదు, బరువు పెరిగితే మాత్రం ఎక్కువ తాగినట్టే, రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోతే అది ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, చిక్కగా కాదు. అది ఉప్పు కోసమే, ఎనర్జీకి సరిపోదు.

నెక్లెస్ రోడ్ ఆదివారం:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. మొదటి వారం 24, తర్వాత 26, నిన్న 28, అన్నీ 7:10, 7:15 మధ్య. గోళీ మానేశా, రాత్రి చారన్నం, పొద్దున 3:15కి ఇడ్లీ, కాఫీ మాత్రం కొంచెం తాగా. 20 నిమిషాలకోసారి సగం జెల్. నిన్న 22 దగ్గర చిన్నగా వికారం అనిపిస్తే రెండు నిమిషాలు నడిచా, తగ్గిపోయింది, మళ్లీ పరిగెత్తి పూర్తి చేశా. బరువు 900 గ్రాములు తగ్గింది. మోకాలికి ఫిజియో దగ్గరికి గురువారం వెళ్తున్నా. అక్కా, గంటకి 40 గ్రాముల దగ్గరికి వచ్చా, రేసుకి ముందు 50 దాకా వెళ్లొచ్చా, ఇక్కడే ఆపాలా?

బీచ్ రోడ్ అక్క:
రేసుకి ఇంకా నాలుగు వారాలుంది కదా, వచ్చే రెండు లాంగ్ రన్‌లలో 45 చేసి చూడండి. పడితే అదే రేసుకి. ఆ తర్వాత కొత్త జెల్, కొత్త ఫ్లేవర్ ఏదీ ముట్టుకోకండి, రేసుకి ముందు నంబర్లు ఇచ్చే ఎక్స్‌పోలో ఫ్రీగా ఇచ్చినా సరే.