నైజీరియా పిల్లల వినయం బెత్తం చలవేనా?

హ్యూస్టన్_నాన్న:
మా వీధిలో రెండు నైజీరియా కుటుంబాలున్నాయి, ఒకరు యొరుబా తెగవాళ్లు, ఒకరు ఇగ్బో తెగవాళ్లు. వాళ్ల పిల్లలు నేను కనిపిస్తే చాలు, ఫోను పక్కన పెట్టి "గుడ్ ఈవినింగ్ అంకుల్" అంటారు. యొరుబా వాళ్లింటికి అమ్మమ్మ వచ్చిన రోజున ఆడపిల్ల గుమ్మంలోనే మోకాళ్ల మీద కూర్చుంది, కాలేజీకి వెళ్లే మగపిల్లాడు బోర్లా పడుకుని దండం పెట్టాడు. మావాడు ఇంటికి పెద్దవాళ్లొస్తే హెడ్‌ఫోన్స్ కూడా తియ్యడు. వాళ్ల నాన్నను అడిగితే ఒకటే మాట చెప్పాడు: "మా నాన్న నన్ను కొట్టి పెంచాడు, నేనూ అంతే." మన తాతలూ అలాగే పెంచారు. పిల్లల మనసు నొచ్చుకుంటుందని మనం బెత్తం పారేశాం, దాని ఫలితం చూస్తున్నాం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఇకెజా_కోడలు:
అన్నగారూ, పెళ్లయిన దగ్గర్నుంచి లాగోస్‌లోనే ఉంటున్నాను. నా పిల్లలు ఇక్కడే పుట్టారు. ఆ వినయం నిజమే. అది బెత్తం వల్ల వచ్చిందంటేనే నాకు పేచీ.

కొడతారు, అందులో దాచేదేం లేదు. సన్న బెత్తాన్ని పంకెరె అంటారు. కొబొకో అనే తోలు కొరడా పేరు చెబితేనే పిల్లలు వణుకుతారు. మోకాళ్ల మీద కూర్చోబెట్టి చేతులు పైకెత్తించడం, ఒక కాలు గాల్లో ఉంచి ఒక వేలు నేలకు ఆనించి వంగి నిలబెట్టడం ఇక్కడ చాలామంది చిన్నప్పుడు అనుభవించినవే. మన గోడకుర్చీ లాంటివే ఇవన్నీ.

కానీ రోజూ పనిచేసేది బెత్తం కాదండీ, తల్లి చూపు. మా కింది వాటాలో ఉండే ఆవిడను, ఇక్కడి అలవాటు ప్రకారం, అందరూ పెద్దకొడుకు పేరు ముందు "మామా" (అంటే అమ్మ) చేర్చి పిలుస్తారు. ఒకరోజు చిన్నపిల్లను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. జంతికలు పెట్టాను. పిల్ల చెయ్యి చాచకుండా ముందు తల్లి వైపు చూసింది. ఆవిడ నాతో కబుర్లాడుతూనే కనుబొమ్మ కాస్త ఎగరేసింది. "నో, థాంక్యూ ఆంటీ" అంది పిల్ల. నేను బతిమాలితే మళ్లీ అటే చూసింది. ఈసారి తల్లి కళ్లు వాల్చింది. అప్పుడు కుడిచేత్తో ఒకే ఒక్కటి తీసుకుంది. ఎడమచెయ్యి చాపితే మన ఊళ్లో లాగే ఇక్కడా చీవాట్లు పడతాయి. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకూడదు, యొరుబాలో వాళ్లను "మీరు" అనే అనాలి. ఇవన్నీ పూటపూటా ఎవరో ఒకరు సరిదిద్దితే వచ్చేవి.

ఆ సరిదిద్దేది తల్లి ఒక్కతే కాదు. లాగోస్‌లో "ఫేస్ మీ ఐ ఫేస్ యూ" అనే పాతకాలపు ఇళ్లున్నాయి. మధ్యలో నడవా, అటూ ఇటూ ఎదురెదురు గదులు, గదికో కుటుంబం. వంటిల్లు, స్నానాల గది అందరికీ కలిపి. అక్కడ పిల్లాడు కూరలోంచి మాంసం ముక్క దొంగిలిస్తే తల్లి వచ్చేలోపే నలుగురు ఆంటీలు గడ్డి పెడతారు. తల్లి రావడం ఆలస్యమైతే అన్నం పెట్టేదీ వాళ్లే. తండ్రి చెయ్యి చేసుకుంటే ఎదురు గది ముసలమ్మ బయటికొచ్చి "ఇక చాలు" అంటుంది. ఆవిడ మాట కాదనడానికి అతనికి నోరు రాదు.

లాగోస్‌లోనే లెక్కీ అనే కొత్త పేట వైపు అపార్ట్‌మెంట్లలో ఆ ముసలమ్మ లేదు. అమ్మానాన్నలు తెల్లవారకముందే బయల్దేరి, థర్డ్ మెయిన్‌లాండ్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో నలిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. కరెంటు ఉండదు, జనరేటర్‌లో డీజిల్ అయిపోయి ఉంటుంది, పిల్లాడి హోంవర్కు అలాగే ఉంటుంది. అప్పుడు పడే దెబ్బలో నేర్పడం ఏముంది, ఆ రోజు టెన్షన్ అంతా పిల్లాడి వీపు మీద దిగుతుంది. పదిమందీ కలిసి చేసిన పెంపకంలో పదిమందీ పోయి బెత్తం మిగిలింది. మీరు మీ ఇంటికి తెచ్చుకుందామంటున్నది దాన్నే.

కానో_మాస్టారు:
అమ్మా, చమురు డబ్బుతో నైజీరియాలో బళ్లు విపరీతంగా పెరిగిన రోజుల్లో మన దేశం నుంచి వెళ్లిన టీచర్లలో నేనూ ఒకణ్ని. ఉత్తర నైజీరియాలోని కానోలో లెక్కలు చెప్పాను. నువ్వు ఆ పదిమందిని మరీ ముద్దుగా చూపిస్తున్నావు. పదిమంది కలిసి కూడా ఘోరం చెయ్యగలరు.

2019 సెప్టెంబరులో, అదే ఉత్తరాదిలో, కడునా నగరంలోని రిగాసా పేటలో ఒక మతపాఠశాల మీద పోలీసులు దాడి చేస్తే 300 మందికి పైగా మగపిల్లలు, యువకులు బయటపడ్డారు. కొందరి కాళ్లకు గొలుసులు, వీపుల మీద కొరడా చారలు. వాళ్లలో చాలామందిని తెచ్చి అప్పజెప్పింది సొంత కుటుంబాలే. మత్తుకు అలవాటు పడ్డాడనో, మాట వినడం లేదనో, బాగుచేయమని ఇచ్చారు. ఆ చోటు ఏళ్ల తరబడి నడిచింది.

చట్టం సంగతీ చూడు. నైజీరియా ఉత్తరాది పీనల్ కోడ్ 55వ సెక్షన్ ప్రకారం, తీవ్రమైన గాయం కానంతవరకు తల్లిదండ్రులు పిల్లల్ని దండించవచ్చు. ఆచారం ఒప్పుకుంటే భర్త భార్యను దండించడానికి కూడా అదే సెక్షన్ చోటిచ్చింది. అది చదివాక "కొట్టడం ప్రేమే" అనే మాట నాకు మింగుడుపడలేదు. దక్షిణాది క్రిమినల్ కోడ్ 295వ సెక్షన్‌దీ పిల్లల విషయంలో అదే దారి. 2003లో బాలల హక్కుల చట్టం వచ్చింది కానీ రాష్ట్రాలు విడివిడిగా ఆమోదించాలి. ఉత్తరాదిలో కొన్నింటికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

హ్యూస్టన్_నాన్న:
మాస్టారూ, గొలుసులు వేరు, రెండు దెబ్బలు వేరు. నేనెవర్నీ కట్టెయ్యమనలేదు. భయం ఉంటే పిల్లలు కనీసం అబద్ధాలాడరు. నేను అడుగుతున్నది అంతవరకే.

పెకమ్_నర్సు:
భయంతో అబద్ధాలు పోతాయా? విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పశ్చిమాఫ్రికాలోనే రెండు బళ్లలో దీన్ని పరీక్షించి 2011లో ప్రచురించారు. ఒక బళ్లో బెత్తం ఉంది, రెండోదాంట్లో మందలింపే. మూడు, నాలుగేళ్ల పిల్లల వెనక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి బయటికెళ్లారు. రెండు బళ్లలోనూ ఎక్కువమంది చూశారు. కానీ బెత్తం ఉన్న బడి పిల్లలే ఎక్కువగా అబద్ధమాడారు, తర్వాతి ప్రశ్నలకు దొరక్కుండా జవాబు చెప్పడంలోనూ వాళ్లదే పైచెయ్యి. భయం వాళ్లకు అబద్ధం గట్టిగా చెప్పడం నేర్పింది.

"రెండు దెబ్బలు" రెండు దగ్గర ఆగుతాయన్న భరోసా కూడా లేదు. నైజీరియా జనాభా కమిషన్ యునిసెఫ్, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీలతో కలిసి 2014లో చేసిన సర్వేలో, 18 ఏళ్లు నిండేలోపు సగం మంది శారీరక హింసకు గురైనట్టు తేలింది.

ఇక్కడ లండన్‌లో నైజీరియా తల్లుల అవస్థ నేను దగ్గర్నుంచి చూస్తున్నాను. స్కాట్లండ్ 2020లో, వేల్స్ 2022లో ఇంట్లో కొట్టడాన్ని కూడా నిషేధించాయి. ఇంగ్లండ్‌లో "సమంజసమైన శిక్ష" అనే మినహాయింపు ఉంది. ఏది సమంజసమో తల్లికి తెలియదు. పిల్లాడు "టీచర్‌కి చెబుతా" అంటాడు, తల్లి "నైజీరియాలో బోర్డింగ్‌లో పడేస్తా" అంటుంది. నిజంగా పంపినవాళ్లూ ఉన్నారు. ఆ తల్లికి సాయానికి అత్త లేదు, అక్క లేదు, షిఫ్టు అయ్యాక మూడో అంతస్తు ఫ్లాటులో ఒక్కతే. కోడలుగారు చెప్పింది నాకు అక్కడ కనిపిస్తుంది.

ఇకెజా_కోడలు:
మాస్టారూ, రిగాసాలో చుట్టూ గోడలున్నాయి. "ఇక చాలు" అనే మనిషి లోపలికి వెళ్లే వీలే లేదు. బెత్తం పక్కన ఆపే మనిషి లేకపోతే ఏమవుతుందో మీరు చెప్పిందే చెబుతోంది. అన్నగారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీవాణ్ని మీరూ వదినగారూ తప్ప ఇంకెవరైనా మందలిస్తే మీరు ఊరుకుంటారా?

హ్యూస్టన్_నాన్న:
ఊరుకోనేమో. పక్కింటాయన మావాణ్ని గదిమితే నాకు కోపమే వస్తుంది. అయినా నైజీరియాలో ఉన్నంతమంది పెద్దలు నాకిక్కడ దొరకరు, ఉన్నది నేనూ మా ఆవిడే. అలాంటి ఇంట్లో తండ్రి అంటే కాస్త భయం ఉండాలనే ఇప్పటికీ అంటాను.

పెకమ్_నర్సు:
దొరకరని ముందే తేల్చేస్తే ఎలా? ఆ యొరుబా అమ్మమ్మ మీ వీధిలోనే దిగింది కదండీ. మీ అబ్బాయిని ఆవిడకు పరిచయం చెయ్యండి, తప్పు చేస్తే గదమమనండి. మీరు మాత్రం కోపం తెచ్చుకోవద్దు.

కానో_మాస్టారు:
గదిమే అమ్మమ్మ ఉండాల్సిందే. ఆవిడ "చాలు" అన్నా ఆగని తండ్రి సంగతేమిటి? నైజీరియా పక్కనే ఉన్న బెనిన్ దేశం 2015లో ఇంట్లో కొట్టడాన్ని కూడా చట్టంతో ఆపింది. అక్కడా ఉమ్మడి ముంగిళ్లే, అవే అమ్మమ్మలు, సరిహద్దుకు అటూ ఇటూ యొరుబాలే. అమ్మమ్మ మీద గౌరవంతో చట్టం వద్దంటే నేను ఒప్పుకోను. నాకు రెండూ కావాలి.