పేరు మార్చి చెబితే సరిపోతుందా? సైకియాట్రిస్టుల పాడ్‌కాస్ట్‌లో పేషెంట్ల కథలు

సగంనిద్ర

ఇద్దరు సైకియాట్రిస్టులు, వాళ్లతో డాక్టర్ కాని ఒక స్నేహితుడు, ముగ్గురూ కూర్చుని వారానికో గంట మాట్లాడుకునే పాడ్‌కాస్ట్ ఒకటి రెండేళ్లుగా వింటున్నాను. పేరు చెప్పను. చెబితే చర్చంతా దాని మీదికే పోతుంది. ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి. పాఠంలా కాకుండా కబుర్లలా సాగుతుంది, నాకు నచ్చిందే అది.

ముందే చెప్పేస్తున్నాను, నాకు బైపోలార్, అంటే కొన్నాళ్లు మేనియా అనే హద్దు మీరిన హుషారు, కొన్నాళ్లు డిప్రెషన్ వచ్చే జబ్బు. దానికి తొమ్మిదేళ్లుగా లిథియం అనే మందు వాడుతున్నాను. ఈ పాడ్‌కాస్ట్ నాకు చేసిన మేలు చిన్నది కాదు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తంలో లిథియం పెరుగుతుందని, వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా అదే జరుగుతుందని అక్కడే తెలిసింది. నా డాక్టర్ ఎప్పుడో చెప్పే ఉంటారు. మొదటి రోజుల్లో చెప్పినవి బుర్రకెక్కితే కదా!

రెండు వారాల కిందట లిథియం మీదే ఎపిసోడ్ వచ్చింది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ లిథియం గురించి వ్యాసం రాయడం, అంతకుముందు గినీ పందులకి ఎక్కించి చూడడం, అవి మందకొడిగా పడుకోవడం, ఇదంతా భలే చెప్పారు. ఆ తర్వాత వాళ్లలో పెద్ద డాక్టర్ "నా పేషెంట్ ఒకాయన ఉండేవాడు" అని ఎత్తుకున్నారు. పేరు, ఊరు, ఉద్యోగం మార్చానన్నారు. ఆయన మేనియాలో ఉండగా ఒక్క రాత్రిలో ఒకే రకం గొడుగులు నలభై ఆర్డర్ పెట్టాడట. అవి ఇంటికొచ్చాక, తనని ఎవరో ఆట పట్టిస్తున్నారని డాక్టర్‌కే ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడట. ముగ్గురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఎందుకో పాజ్ చేశాను. నా సంగతులు నా డాక్టర్ ఎక్కడ, ఎవరికి, ఏ గొంతుతో చెబుతున్నారో అనిపించింది.

పేరు మారిస్తే సరిపోతుందంటారా?

ఎదురుగాలి

సరిపోతుందండీ. పేరు మార్చారు, ఊరు మార్చారు, ఉద్యోగం మార్చారు. జబ్బు కూడా మార్చేస్తే ఇక ఎపిసోడ్ దేనికి? కేసు చెప్పకుండా సైకియాట్రీ చెప్పమనడం నీళ్లలో దిగకుండా ఈత నేర్పమన్నట్టు ఉంటుంది. "నిద్ర తగ్గడం, హుషారు పెరగడం, విచ్చలవిడి ఖర్చు" అని జాబితా చదివితే ఎవరికీ గుర్తుండదు. నలభై గొడుగులు గుర్తుంటాయి. రేపు ఎవరింట్లోనో ఇరవై గొడుగులు దిగితే ఆ ఇంటివాళ్లు తిట్టడం మాని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు.

పాతపుస్తకం

గుర్తుంటాయి అన్నారు చూశారా, చిక్కంతా అక్కడే. మనకి గుర్తుండిపోయే వివరమే ఆ మనిషిని పట్టించే వివరం కూడా. ఆయన భార్యకీ తమ్ముడికీ పేరుతో పనేముంది? గొడుగులు చాలు.

ఈ గొడవ పాడ్‌కాస్టులతో పుట్టింది కాదు. 1895లో వియన్నా డాక్టర్లు బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా మీద వేసిన పుస్తకంలో "అన్నా ఓ" అనే యువతి కేసు ఉంది. ఆమెకి వైద్యం చేసింది బ్రాయర్. అసలు పేరు దాచి మారుపేరు పెట్టారు. ఆ మనిషి బెర్తా పాపెన్‌హైమ్. తర్వాత ఆవిడ పెద్ద సంఘసేవకురాలైంది, 1904లో జర్మనీలో యూదు మహిళల సంఘం స్థాపించింది, 1936లో చనిపోయింది. 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్ర రాస్తూ ఎర్నెస్ట్ జోన్స్ అసలు పేరు బయటపెట్టాడు. మారుపేరు 58 ఏళ్లు కాపాడింది, అంతే. ఇవాళ ఆవిడ పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేది ఆ కేసే, ఆ సంఘం కాదు.

కేడ్ మొదటి పేషెంట్ సంగతీ అంతే. వ్యాసంలో "డబ్ల్యూ.బి." అని పొడి అక్షరాలే ఉంటాయి. 51 ఏళ్లు, ఐదేళ్లుగా తగ్గని మేనియా. ఇప్పుడు ఆయన పూర్తి పేరు కూడా దొరుకుతుంది. మీ ఎపిసోడ్‌లో ఆయన కథ ఎక్కడ ఆపారు?

సగంనిద్ర

లిథియంతో కోలుకుని పాత ఉద్యోగంలో చేరాడు, అక్కడ ఆపారు.

పాతపుస్తకం

అనుకున్నాను. ఆయన మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది, మళ్లీ మొదలుపెట్టారు. 1950లో లిథియం విషప్రభావంతోనే చనిపోయాడు. ఆ రోజుల్లో రక్తపరీక్షతో మోతాదు చూసుకునే పద్ధతి లేదు. ఈ ముక్క చెబితే, ఇవాళ లిథియం వాడేవాళ్లకి అన్నిసార్లు రక్తం ఎందుకు తీస్తారో, కిడ్నీలూ థైరాయిడ్ ఎందుకు చూస్తారో అర్థమయ్యేది. కబుర్లకి సుఖాంతం కావాలి కాబట్టి వదిలేశారు. పేరు సంగతి తర్వాత, కథని సగంలో కోయడం కూడా ఆ మనిషికి అన్యాయమే అంటాను.

తెల్లకోటు

ఈ వృత్తిలో పాతికేళ్లు పనిచేశాను. డాక్టర్లు మైకు పట్టుకోవడం మీద నాకు కోపం లేదు. కానీ "పేషెంట్ ఒప్పుకున్నాడు" అనే మాట ఎంత మెత్తటిదో మాకు తెలుసు. మందుచీటీ రాసే మనిషి అడిగితే కాదనడం కష్టం. మేనియాలో ఉన్నవాడు దేనికైనా సరే అంటాడు. డిప్రెషన్‌లో ఉన్నవాడు "నా బతుక్కి ఇంకేం పరువు" అనుకుని సరే అంటాడు. తేరుకున్నాక అడగాలి. కొన్నాళ్లాగి మళ్లీ అడగాలి. వారం వారం ఎపిసోడ్ వేసేవాళ్లకి అంత తీరిక ఉంటుందా?

మెడికల్ జర్నల్‌లో కేసు వేయాలంటే, పేషెంట్‌ని గుర్తుపట్టే వీలున్నప్పుడు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, వ్యాసం ముందుగా ఆయనకి చూపించాలి. అవి లేకపోతే ఎడిటర్ వెనక్కి పంపేస్తాడు. కబుర్లలో వెనక్కి పంపేవాడు ఎవడున్నాడు?

మేం చాలామందిమి చేసేది, నలుగురైదుగురిని కలిపి ఒక మనిషిని అల్లడం. నేనూ క్లాసుల్లో అదే చేశాను. అయితే "ఇది అల్లిన కేసు" అని ముందే చెప్పేదాన్ని. "నా పేషెంట్ ఒకాయన" అని ఎత్తుకోకూడదు.

ఎదురుగాలి

అల్లిందని ముందే చెప్పేస్తే ఇంకెవరు వింటారు సార్?

తెల్లకోటు

సార్ కాదు, మేడమ్. "చెప్పేదాన్ని" అని రాశాను కూడా. వినకపోతే నష్టపోయేది డౌన్‌లోడ్ల లెక్క, పేషెంట్ కాదు.

చిన్నక్క

నాది వేరే గోడు. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు. చాలా ఏళ్లు ఇంట్లో ఆ మాటే పలికేవాళ్లం కాదు. "వాడికి బాలేదు" అనుకునేవాళ్లం, అంతే. మొదటిసారి ఇలాంటి పాడ్‌కాస్ట్‌లోనే ఆ పేరు డాక్టర్ల నోట మామూలుగా, మధ్యలో జోకులతో సహా విన్నాను. అంత భయపడాల్సిన మాట కాదన్నమాట అని ఆ రోజు అనిపించింది. కరపత్రాలు చదివితే అలా అనిపించలేదు. అందుకే ఆ నవ్వుని నేను తీసిపారేయలేను.

కానీ ఒక మాట. జబ్బు ముదిరినప్పుడు వాడు గోడ గడియారాన్ని దుప్పటిలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. అది తనమీద చాడీలు చెబుతోందని. ఇప్పుడు వాడే ఆ సంగతి చెప్పి నవ్వుతాడు. వాడు మొదలుపెడితే మేమూ నవ్వుతాం. మాకై మేము ఎప్పుడూ మొదలుపెట్టం. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా అలవాటైపోయింది. గొడుగులాయన ఆ గదిలో లేడు కదా, నవ్వు ఎవరు మొదలుపెట్టినట్టు?

(పైది వాడిని అడిగే రాశాను. "గడియారం రంగు కూడా రాయి" అన్నాడు. రాయను.)

మ్యూట్‌బటన్

నేను పాడ్‌కాస్టులు ఎడిట్ చేస్తాను, మీరు చెప్పేది కాదు. నవ్వు గురించి అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మీరు విన్న నవ్వు ఆ గదిలో అలాగే జరిగిందని అనుకోకండి. మేం ముందు కోసేది మౌనాలనే. డాక్టర్ గొడుగుల కథ చెప్పి, ముగ్గురూ చిన్నగా నవ్వి, ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడక, ఆపైన "పాపం, ఆ అప్పు తీర్చడానికి చాలా అవస్థ పడ్డాడు" అని ఉండొచ్చు. ఆ ఐదు సెకన్లు నా స్క్రీన్ మీద గీత లేని ఖాళీ. ఖాళీలన్నీ ఒకేసారి తీసేసే బటన్ ఉంటుంది. "అంటే... ఎలా చెప్పాలి..." లాంటి తడబాట్లు, నిట్టూర్పులు కూడా పోతాయి. చివరికి మిగిలేది చకచకా సాగే సరదా. డాక్టర్లు ఇంత తేలిగ్గా మాట్లాడేస్తున్నారేమిటి అనిపించడంలో మా చేతివాటం కొంత ఉంది.

ఇది వాళ్లని వెనకేసుకురావడానికి చెప్పలేదు. ఏది కోయాలో, ఏది ఉంచాలో మాకు చెప్పాల్సింది వాళ్లే.

సగంనిద్ర

ఇది నాకు తట్టనే లేదు. క్లినిక్‌లో నా డాక్టర్ చేసే వైద్యంలో సగం ఆ ఆగడమే.

చివరిబెంచీ

గొడుగులాయన కంటే నాకు కంపరం పుట్టించేది ఇంకోటి. ఇవే షోల్లో ఫలానా సినిమా స్టార్‌కి ఇదీ, ఫలానా నాయకుడికి అదీ అని జబ్బు పేర్లు అంటిస్తారు. 1964లో అమెరికా ఎన్నికలప్పుడు ఒక పత్రిక 12,356 మంది సైకియాట్రిస్టులకి ఉత్తరాలు రాసింది, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న గోల్డ్‌వాటర్ మానసికంగా ఆ పదవికి తగినవాడేనా అని. 2,417 మంది జవాబిచ్చారు. 1,189 మంది తగడన్నారు. ఆయన్ని చూసి పరీక్ష చేసి కాదు! ఆయన ఆ పత్రిక మీద కేసు వేసి గెలిచాడు. తర్వాత 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, స్వయంగా పరీక్షించకుండా, అనుమతి లేకుండా బయటి మనుషుల గురించి వృత్తిపరంగా అభిప్రాయం చెప్పొద్దని నియమం పెట్టింది. దాన్నే గోల్డ్‌వాటర్ రూల్ అంటారు. మైకు ముందు కూర్చోగానే అందరూ మర్చిపోయేది ఇదే.

పాతపుస్తకం

అది వేరే చర్చ, కానీ మంచి చర్చ. విడిగా పెట్టండి, వస్తాను.

ఇక్కడి ప్రశ్నకి ఒక దారి ఇదివరకే ఉంది. 1982లో ఆంథొనీ క్లేర్ అనే సైకియాట్రిస్ట్ బీబీసీ రేడియోలో ప్రముఖుల్ని కూర్చోబెట్టి వాళ్ల జీవితం గురించి మాట్లాడించడం మొదలుపెట్టాడు. అది 2001 దాకా నడిచింది. అక్కడ కథ ఎవరిదో వాళ్లే వచ్చి, అందరూ వింటారని తెలిసి చెప్పుకున్నారు. డాక్టర్ అడిగేవాడు మాత్రమే. పేషెంట్లనే పిలవండి. గొడుగులాయనకి ఇష్టమైతే ఆయనే వచ్చి చెబుతాడు.

తెల్లకోటు

వచ్చేవాళ్లు బాగా మాట్లాడగలిగినవాళ్లే అవుతారు. తేరుకోనివాళ్లు, మాట కూడగట్టుకోలేనివాళ్లు రారు. అలాంటి షోలు వింటే జబ్బున్నవాళ్లంతా చివరికి పుస్తకం రాసేంత బాగుపడతారేమో అనిపిస్తుంది. అయినా మీరన్న దారే మేలు.

ఎదురుగాలి

సరే, నా సంగతి చెబుతాను. నేను ఇంత వాదించడానికి కారణం ఉంది. నేను డాక్టర్ దగ్గరికి వెళ్లను. యాంగ్జయిటీ ఉందని నాకు తెలుసు. ప్రతి ఆదివారం ఈ తరహా షో ఒకటి వింటాను, ఆ గంట గుండె దడ ఉండదు. ఆ హోస్ట్ గొంతు వింటే సొంత అన్న పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. మీరంతా రూల్స్ పెట్టి వాళ్ల నోరు నొక్కేస్తే నాకు ఆ గంట కూడా పోతుంది. అదీ నా టెన్షన్.

తెల్లకోటు

నోరు నొక్కమని ఎవరూ అనలేదండీ. మీరు చెప్పిన ఆ "సొంత అన్న" భావానికి పారాసోషల్ సంబంధం అని పేరు. హోర్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే రేడియో, టీవీ హోస్టుల గురించి ఆ మాట వాడారు. తమాషా ఏమిటంటే ఆ వ్యాసం అచ్చయిన పత్రిక పేరు సైకియాట్రీ. అది జబ్బేమీ కాదు, అందరికీ ఉండేదే, నాకూ ఉంది. కాకపోతే ఆ అన్నకి మీరెవరో తెలియదు. వచ్చే ఆదివారం మీ దడ పెరిగినా ఆయన అవే జోకులు వేస్తాడు. షో వినండి, మానకండి. ఒకసారి మిమ్మల్ని ఎరిగే డాక్టర్‌ని కూడా కలవండి. యాంగ్జయిటీకి బాగా పనిచేసే చికిత్సలున్నాయి. మీకు కోపం తెప్పిస్తే క్షమించండి.

ఎదురుగాలి

కోపం లేదు మేడమ్. ఆలోచిస్తాను.

చిన్నక్క

ఆలోచించకండి, అపాయింట్‌మెంట్ తీసుకోండి. మేం ఆలోచిస్తూ నాలుగేళ్లు పోగొట్టుకున్నాం.

సగంనిద్ర

అందరికీ థాంక్స్. నిన్న నా రెగ్యులర్ చెకప్. బయల్దేరేటప్పుడే అనుకున్నాను, అడిగేయాలని. లేచి వచ్చేస్తూ తలుపు దగ్గర ఆగి అడిగాను, "నా గురించి ఎప్పుడైనా ఎవరికైనా చెప్పారా మేడమ్?" అని.

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. మ్యూట్‌బటన్ గారూ, మీరు కోసేసే ఖాళీ ఉందే, అది. తర్వాత కూర్చోమన్నారు. మూడేళ్ల కిందట జూనియర్ డాక్టర్ల క్లాసులో నా కేసు చెప్పారట. పేరు లేకుండానే. ఉద్యోగం మార్చలేదట, దానికీ జబ్బు బయటపడిన తీరుకీ సంబంధం ఉంది కాబట్టి. "మిమ్మల్ని అడగాల్సింది. అడగలేదు" అన్నారు. వాళ్లు నవ్వారా అని అడిగాను. ఒకచోట నవ్వారట. ఎక్కడో చెప్పారు. నిజానికి అది నవ్వొచ్చే సంగతే.

కోపం వచ్చిందో లేదో ఇంకా తేల్చుకోలేదు. డాక్టర్‌ని మార్చాలని మాత్రం అనిపించలేదు. పాడ్‌కాస్ట్ వాళ్లకి ఒక మెయిల్ రాశాను, డబ్ల్యూ.బి. కథ మిగతా సగం కూడా చెప్పమని. గొడుగుల గురించి రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను, చివరికి ఉంచేశాను. కొత్త ఎపిసోడ్ వచ్చింది, ఇంకా వినలేదు.

పాతపుస్తకం

జవాబొస్తే ఇక్కడ పెట్టండి. లిథియం లెవెల్ చూశారా?

సగంనిద్ర

0.7. బాగానే ఉంది.