ఒకే టీబీకి చోటుకో మందుల చీటీ ఎందుకు? కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

సుంకేసుల_గాలి (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. పోయిన దసరా అయ్యాక దగ్గు పట్టుకుంది, ఇక వదల్లేదు. మొదట మా వీధి చివర క్లినిక్‌కు తీసుకెళ్లాం. దగ్గు మందు, ఐదు రోజుల యాంటీబయాటిక్ రాశారు. రెండో చోట ఎక్స్‌రే తీసి నెమ్ము చేసిందన్నారు, లీవోఫ్లాక్సాసిన్ పది రోజులు వేయించారు. జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడో చోట పాత ఎక్స్‌రే చూసే టీబీ అని చెప్పి, తెమడ పరీక్ష లేకుండా రోజుకు రెండు మాత్రలు మొదలుపెట్టించారు. అవి 12 రోజులు వేసుకున్నాక తెలిసినవాళ్లు చెబితే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ తెమడ పరీక్ష చేసి టీబీయే అని తేల్చి, రోజుకు మూడు మాత్రలు ఇచ్చారు.

ఇంట్లో గొడవ అప్పుడు మొదలైంది. "అంత ఫీజు తీసుకున్న డాక్టరే రెండు చాలన్నాడు, వీళ్లు మూడు వేయమంటారు, ముసలి ఒళ్లు ఆ వేడి తట్టుకుంటుందా" అని మా చిన్నాయన. అమ్మ ఎవరికీ ఎదురు చెప్పదు. నా ముందు మూడూ నోట్లో వేసుకునేది. ఒకరోజు జొన్నల డబ్బా జరిపితే వెనక కాగితంలో చుట్టిన మాత్రలు కనిపించాయి. లెక్కపెడితే 11. పదకొండు రోజులు మూడోది మింగకుండా దాచిపెట్టింది.

ఆ పొట్లం పట్టుకుని ఆసుపత్రికి పోతే అక్కడి అమ్మాయి అమ్మను మళ్లీ తూకం మీద నిలబెట్టింది. 36 కిలోలు. "35 దాటితే మూడు మాత్రలమ్మా" అంది, అంతే. మూడో చోట అమ్మ బరువే చూడలేదు.

దేశం మొత్తానికి ఒకే మార్గదర్శకం ఉందంటున్నారు కదా. మరి ఒకే ఊళ్లో నాలుగు గదుల్లో నాలుగు రకాల వైద్యం ఎందుకు జరిగింది? మీ ఇళ్లలో ఏం జరిగిందో రాయండి.

పాత_ఎస్టీఎస్ (నంద్యాల)

అమ్మా, నేను టీబీ విభాగంలో ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌గా చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని. మీ అమ్మగారు చేసిన పని నేను కొన్ని వందల ఇళ్లలో చూశాను. పెద్దవాళ్లను కోప్పడకండి. ఎందుకు మూడో విడమరచి చెబితే వాళ్లే వేసుకుంటారు.

పెద్దవాళ్లకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర ఇస్తారు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మూడు మందుల మాత్ర. రోజుకు ఎన్ని అన్నది బరువును బట్టే ఉంటుంది. 25 నుంచి 34 కిలోల వరకు రెండు, 35 నుంచి 49 వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు, 65 నుంచి 75 వరకు ఐదు, ఆ పైన ఆరు. డోసు తగ్గితే క్రిమి చావదు, మందుకు అలవాటు పడుతుంది. అందుకే 34కూ 36కూ మధ్య ఆ రెండు కిలోలు అంత ముఖ్యం. చెప్పులు విప్పించి, సంచి పక్కన పెట్టించి, ప్రతిసారీ అదే తూకం మీద చూడాలి. వైద్యం మధ్యలో 5 కిలోలకు పైగా పెరిగి పై వరుసలోకి వెళ్తే మాత్రల సంఖ్య కూడా పెంచుతారు.

మందు మొదలుపెట్టే ముందు తెమడకు సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ అనే పరీక్ష చేయించాలి. క్రిమి ఉందా, ఉంటే అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్న రెండూ ఆ పరీక్షలో తేలతాయి. దాంతోపాటు షుగర్, హెచ్ఐవీ పరీక్షలు అందరికీ చేయాలి. ఇవన్నీ ఉచితం.

ఊపిరి_డాక్టర్ (అనంతపురం)

నేను ఛాతీ వైద్యుణ్ని, ప్రైవేటులోనే చేస్తున్నాను. తప్పు మా వైపు చాలా ఉందని ఒప్పుకుంటూనే రాస్తున్నాను.

1991లో ముంబైలో 100 మంది ప్రైవేటు డాక్టర్లను టీబీకి ఏం రాస్తారని అడిగితే 80 రకాల చీటీలు వచ్చాయి. 2010లో అదే నగరంలో మళ్లీ చూస్తే 106 మంది 63 రకాలు రాశారు. మీ అమ్మగారికి జరిగింది ఆ లెక్కలోదే. ఒక్కొక్కరు తమకు అలవాటైన మందు, అలవాటైన డోసు, అలవాటైన గడువు రాస్తారు.

లీవోఫ్లాక్సాసిన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ మందు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది. పది రోజులు వేస్తే జ్వరం తగ్గుతుంది, తెమడలో క్రిమి దొరకడం కష్టమవుతుంది, జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. పైగా రెసిస్టెన్స్ వచ్చి, అంటే మామూలు టీబీ మందులకు క్రిమి లొంగని రోగికి మేం దాచుకోవాల్సిన మందు అది. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయకుండా దీన్ని రాయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

అయితే ఒక మాట. 2017కు ముందు ప్రభుత్వ పద్ధతిలో వారానికి మూడు రోజులే మందులు. రోజూ వేయించాలని మాలో చాలామంది అనేవాళ్లం. అది పద్ధతి కాదన్నారు. 2017లో దేశమంతా రోజువారీ మాత్రలకు మారింది. మార్గదర్శకం కూడా మనుషులు రాసిందే. కొత్త ఆధారం దొరికినప్పుడల్లా దాన్ని త్వరగా మార్చాలి, మార్చింది పల్లెలో మందు రాసే గది దాకా చేరాలి.

పాత_ఎస్టీఎస్ (నంద్యాల)

డాక్టరు గారు చెప్పింది నిజమే సార్. ఆ రోజుల్లో రోగి పేరు రాసిన అట్టపెట్టెలు, సోమ బుధ శుక్రవారాలు. ఒక్క రోజు మానేస్తే వారంలో మూడో వంతు పోయినట్టే. రోజువారీ వచ్చాక నాకు గుండె తేలికపడింది.

యాడికి_రాయి

మా తమ్ముడిది మామూలు మందులకు లొంగని మొండి టీబీ. 2014లో మొదలైంది. అప్పటి పద్ధతిలో రెండేళ్లకు పైగా కోర్సు, మొదటి నెలల్లో రోజూ కనామైసిన్ ఇంజెక్షన్. టీబీ నయమైంది, ఆ ఇంజెక్షన్లకు వినికిడి పోయింది. ఇప్పుడు వాడికి 33. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడాలి. ఇప్పుడు ఇంజెక్షన్లు తీసేశారు, 2024లో బీపామ్ అని ఆరు నెలల్లో అయిపోయే మాత్రల కోర్సుకు అనుమతి ఇచ్చారని విన్నప్పుడు సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు. డాక్టరు గారన్నట్టు త్వరగా మార్చాలి. ఆ ఆలస్యం ఎవరో ఒకరి చెవుల మీద పడుతుంది.

తాడిపత్రి_అక్క

మా ఆయన 14 ఏళ్లు బండల పాలిషింగ్‌లో చేశాడు. మిషన్ తిరుగుతుంటే తెల్లటి దుమ్ము కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది. దగ్గుతో ఎక్కడికి పోయినా "దుమ్ము పనే కదా, దుమ్ము దగ్గే" అని ఇన్‌హేలర్ ఇచ్చి పంపారు. ఎనిమిది నెలలు అలా గడిచాయి. రక్తం పడ్డాక తెమడ పరీక్ష చేశారు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ ఉంది, దాని మీద టీబీ కూడా ఉంది.

రాతి దుమ్ములో పనిచేసేవాళ్లకు టీబీ త్వరగా వస్తుందని, వాళ్లను ప్రత్యేకంగా చూడాలని ఆ మార్గదర్శకాల పుస్తకంలోనే ఉందట. మరి "ఏం పని చేస్తావు నాయనా" అని అడిగి కూడా పరీక్ష ఎందుకు రాయలేదు? మా వీధిలో పదింట్లో ఆరిళ్లు పాలిషింగ్ వాళ్లే. ఫ్యాక్టరీ దగ్గరికే ఎక్స్‌రే బండి రావాలని నా కోరిక.

బేతంచెర్ల_కుర్రాడు

అక్కా, మా దగ్గరా అంతే. పని మానేస్తే కూలి పోతుందని ఎవరూ పరీక్షకు పోరు. సాయంత్రం పెడితే వస్తారు.

కడప_మందులషాపు

షాపు నడిపేవాడిగా రెండు మాటలు. 2014 మార్చి నుంచి టీబీ మందులు షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఎవరికి ఇచ్చామో రిజిస్టర్‌లో రాయాలి. 2018 మార్చి నుంచి టీబీ మందులు అమ్మితే ఆ రోగి వివరాలు మేమూ ప్రభుత్వానికి తెలపాలి. డాక్టర్లకు, ల్యాబులకు అయితే ఆ బాధ్యత 2012 నుంచే ఉంది.

ఖాళీ స్ట్రిప్ ముక్క తెచ్చి "ఇదే ఎర్ర మాత్ర ఇంకో పదిరోజులకు ఇవ్వన్నా" అనేవాళ్లు ఇప్పటికీ వస్తారు. ఇవ్వను. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ప్రభుత్వంలో ఇవే మందులు ఉచితమని, ప్రైవేటు డాక్టరు దగ్గరే చూపించుకుంటూ కూడా ఉచితంగా తీసుకోవచ్చని చెబుతాను. సగం మందికి ఈ రెండో సంగతి తెలియదు.

కదిరి_చిన్ని

నాకు మెడ దగ్గర గడ్డ. సూదితో తీసి పరీక్ష చేస్తే టీబీ అన్నారు. ఒక చోట ఆరు నెలలు, ఒక చోట తొమ్మిది, మా బంధువుల డాక్టరు ఏడాది అన్నారు. ఆరు నెలలు పూర్తయింది. గడ్డ చిన్నదైంది గానీ పూర్తిగా పోలేదు. రాత్రిళ్లు చేయి దానిమీదికే పోతుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

ఊపిరి_డాక్టర్ (అనంతపురం)

చిన్నీ, భయపడకమ్మా. ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీకి 2016లో ప్రత్యేకంగా జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. మెడ గడ్డలకు ఆరు నెలలే. మెదడు పొరలకు వస్తే కనీసం తొమ్మిది నెలలు, ఎముకలకు, వెన్నుపూసకు వస్తే ఏడాది. నీకు చెప్పిన మూడు గడువుల్లో రెండు వేరే జబ్బులవి. మందులు పూర్తయ్యాక కూడా చిన్న గడ్డ మిగిలిపోవడం చాలామందిలో చూస్తాం. అది పెరుగుతున్నా, కొత్తవి వస్తున్నా, జ్వరం ఉన్నా చూపించు. రోజూ తడిమి చూసుకోకు, నెలకొకసారి మీ డాక్టరుతో కొలిపించుకో.

అందరికీ ఇంకో మాట. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి రండి. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్లే, దానికి కంగారు అక్కర్లేదు. "వేడి" అని మాత్రలు మీ అంతట మీరు తగ్గించుకోవద్దు.

కోసిగి_వలస

మేము ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు పోతాం, ఇంటిల్లిపాదీ. పోయినసారి నాకు మూడో నెల మందులు నడుస్తుండగా పోవాల్సి వచ్చింది. తెచ్చుకున్నవి అయిపోయాయి. అక్కడికి దగ్గర్లో ఆసుపత్రిలో అడిగితే మీది ఏ మండలం, అక్కడికే వెళ్లండి అన్నారు. కోత వదిలి రాలేక 19 రోజులు మందు లేకుండా ఉన్నాను. చివరికి మా ఊరి ఆశా అక్కకు ఫోన్ చేస్తే ఆమె ఏదో నంబరు చెప్పి, అక్కడివాళ్లకు ఆ నంబరు చూపించమంది. చూపిస్తే పది నిమిషాల్లో ఇచ్చారు. ఈ సంగతి పోయే ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

పాత_ఎస్టీఎస్ (నంద్యాల)

అది నిక్షయ్ నంబరు నాయనా, ప్రభుత్వ టీబీ లెక్కల్లో నీ పేరు మీద ఉండే నంబరు. దేశంలో ఎక్కడికి పోయినా అదే నంబరు మీద మందులు తీసుకోవచ్చు, అక్కడికే బదిలీ చేయించుకోవచ్చు. వలస పోయే ప్రతి ఒక్కరూ చీటీ వెనక రాసి పెట్టుకోండి. దారి తెలియకపోతే 1800 11 6666 కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఆ 19 రోజుల సంగతి మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పులివెందుల_రిటైర్డ్_మాస్టర్

మా నాయనకు 1950ల్లో టీబీ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో, అంటే టీబీ రోగులను ఉంచే ఆసుపత్రిలో పెట్టారు. ఏడాదిన్నర. నేను చిన్నవాణ్ని, వరండాలో వరసగా వేసిన మంచాలు, దూరం నుంచి చేయి ఊపిన నాయన గుర్తు. మంచి గాలి, విశ్రాంతి, తిండి ఉంటేనే నయమవుతుందని అప్పటి నమ్మకం. తర్వాత మద్రాసులో రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానటోరియంలో, ఇంకో జట్టును వాళ్ల ఇళ్లలోనే ఉంచి అవే మందులిచ్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్లకూ అంతే బాగా నయమైంది. ఈరోజు మన పల్లెల్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మాత్రలిస్తోందంటే దాని మూలం అక్కడుంది. ఆ ఫలితం పదేళ్ల ముందు వచ్చి ఉంటే మా నాయన మా మధ్యే ఉండి నయం చేసుకునేవాడు.

తిండి సంగతి కూడా మరవకండి. టీబీ రోగులకు తిండి కోసం ప్రభుత్వం 2018లో నెలకు 500 రూపాయలు మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు ఒకటిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. రోజూ ఒక గుడ్డు, గుప్పెడు చెనక్కాయలు, సంగటిలోకి పప్పు. మన దగ్గర దొరికేవే.

సుంకేసుల_గాలి (కర్నూలు)

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. మాస్టరు గారి నాయన చేయి ఊపిన దగ్గర కళ్లు తుడుచుకుంది.

రెండు నెలల తెమడ పరీక్ష నెగెటివ్ వచ్చింది. బరువు 41. ఇప్పుడు మూడు మందుల మాత్రలు, రోజుకు మూడే. చిన్నాయన తనే లెక్కపెట్టి చేతిలో పెడుతున్నాడు.

ఒక అనుమానం. మా అన్న పిల్లలు ఇద్దరు, నాలుగేళ్లది, తొమ్మిదేళ్లవాడు. పాప మొన్నటిదాకా జేజి పక్కనే పడుకునేది. నాలుగు చోట్లలో ఎవరూ పిల్లల గురించి అడగలేదు. ఏమైనా చేయించాలా?

పాత_ఎస్టీఎస్ (నంద్యాల)

వెంటనే తీసుకెళ్లండమ్మా. ఇదివరకు ఐదేళ్లలోపు పిల్లలకే నివారణ మందు ఇచ్చేవాళ్లం. 2021 నుంచి ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ల ఇంట్లో అందరినీ చూడాలని మార్గదర్శకంలో ఉంది. ముందు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయేమో చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. టీబీ లేదని తేలాకే రాకుండా ఉండటానికి మందు ఇస్తారు. ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ ఒక పద్ధతి, వారానికొకసారి చొప్పున 12 వారాలు ఇంకో పద్ధతి. పాపకు ఏదో డాక్టరు నిర్ణయిస్తారు. మీరూ, మీ అన్నావదినలూ కూడా చూపించుకోండి.

సుంకేసుల_గాలి (కర్నూలు)

ఇప్పుడే వచ్చాం. ఐదుగురం పోయాం. పిల్లలిద్దరికీ ఎక్స్‌రే బాగుంది, పాపకు ఈరోజే మందు మొదలుపెట్టారు. మా అన్నకు నెల నుంచి దగ్గు ఉందట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రెండు తెమడ డబ్బాలు ఇచ్చారు. ఒకటి అక్కడే ఇచ్చాడు, ఇంకోటి రేపు పొద్దున లేవగానే పట్టి ఇవ్వాలి. దాని మీద పేరు రాసి వాడి మంచం పక్కన పెట్టాను.