అమ్మ మోకాళ్ల నొప్పితో ఓర్వియేతో ఊరికి వెళ్లొచ్చా?

గంటస్తంభం, విజయనగరం:
అక్టోబరులో అమ్మానాన్నలతో ఇటలీ వెళ్తున్నాం. రోమ్ నుంచి ఒకరోజు ఓర్వియేతో కొండ ఊరు చూడాలని ఉంది. అమ్మ రామతీర్థం మెట్లు కూడా ఎక్కలేదు. పైకి ఎలా వెళ్లాలి? అక్కడి పాత బావి చూడగలదా? ఇద్దరూ శాకాహారులు.

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
నిస్సందేహంగా తీసుకెళ్లండి. రోమ్ పెద్ద స్టేషన్ రోమా తెర్మినీలో రెజియోనాలే, అంటే ప్రాంతీయ రైలు ఎక్కండి, గంటంపావు పైచిలుకు ప్రయాణం. బోర్డు మీద ఓర్వియేతో అని వెతక్కండి, రైలు చివరి స్టేషన్ పేరే ఉంటుంది, చాలావాటికి ఫిరెంజే, అంటే ఫ్లోరెన్స్. టికెట్ మీది రైలు నంబరుతో సరిచూసుకోండి. ప్లాట్‌ఫారం నంబరు పక్కన ‘ఎస్ట్’ అని ఉంటే అది స్టేషన్‌లో బాగా దూరం, అమ్మగారి నడకకి పావుగంట కేటాయించండి. కాగితం టికెట్ అయితే ఎక్కేముందే మెషిన్‌లో ముద్ర వేయించాలి. మర్చిపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది.

దిగాక స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్, అంటే తాడుతో లాగే పట్టాల బండి. అది కొండ మీద పియాజ్జా కాహెన్ అనే కూడలిలో దింపుతుంది. అక్కణ్నుంచి కథీడ్రల్‌కి చిన్న బస్సులో వెళ్లండి. దారి ఎగువకి ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు నడక. ఊరంతా రాళ్లు పరిచిన వీధులు, పట్టున్న రబ్బరు అడుగు బూట్లు వేయించండి.

బొబ్బిలి కోట:
బావి సంగతి నేను చెప్తాను. అమ్మగారిని దింపొద్దు. 1527లో రోమ్ మీద దాడి జరిగాక పోప్ ఏడవ క్లెమెంట్ ఇక్కడ తలదాచుకున్నాడు. ముట్టడి వస్తే నీళ్లకి కటకట కాకూడదని తవ్వించాడు. లోతు 50 మీటర్లు దాటుతుంది. నీళ్లు మోసే కంచరగాడిదలు ఎదురుపడకుండా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు మెట్ల దారులు కట్టారు, ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి. అడుగున చిన్న వంతెన దాటి రెండో దారి పట్టాలి. గాడిదల కోసం కట్టినవి కాబట్టి మెట్లు వెడల్పు, ఎత్తు తక్కువ. అయినా 248 దిగి 248 ఎక్కాలి. మోకాలికి మెట్లు దిగడమే ఎక్కువ బాధ. నాన్నగారు దిగితే చల్లగా ఉంటుంది, శాలువా ఇవ్వండి.

గంటస్తంభం:
మరి అంతసేపు అమ్మ ఎక్కడ కూర్చోవాలి?

బొబ్బిలి కోట:
బావి ఫ్యునిక్యులర్ పైన దింపే చోటు దగ్గరే, పక్కనే అల్బోర్నోజ్ కోట తోట. చెట్ల నీడ ఉంటుంది, గోడ దగ్గర నిలబడితే లోయంతా కనిపిస్తుంది.

కథీడ్రల్‌ని మాత్రం తొందరగా ముగించకండి. 1290లో మొదలైన కట్టడం. పక్క గోడలు నల్లరాయి, తెల్లరాయి చారలు. ముందు గోడ కింది భాగంలో సృష్టి కథ, కడపటి తీర్పు పాలరాతిలో చెక్కారు, కంటి ఎత్తు నుంచే మొదలవుతుంది, మెడ ఎత్తక్కర్లేదు. లోపల సాన్ బ్రిజియో మందిరంలో సిన్యొరెల్లి అనే చిత్రకారుడి కుడ్యచిత్రాలు. భుజాలు కప్పుకోవాలి. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, ఆ రోజు మానేయండి.

నాగావళి గట్టు:
భోజనానికి ఒంటిగంటకే కూర్చోండి, మధ్యాహ్న భోజన వేళ దాటితే వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ రాత్రికే. ఉంబ్రికెల్లి అనే లావు పాస్తా గోధుమపిండి, నీళ్లతో చేస్తారు. దాన్ని అరబ్బియాతా చేయమనండి: టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. ‘సెంజా కార్నే’ అంటే మాంసం వద్దని. పెకొరీనో చీజ్‌కి పాలు విరవడానికి సాధారణంగా గొర్రెపిల్ల లేదా దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉంటే ‘సెంజా ఫోర్మాజ్జో’ అని కూడా చెప్పండి.

మీ ప్రయాణం అక్టోబరు చివరి ఆదివారం తర్వాతైతే గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఐదింటికే చీకటి పడుతుంది. నడిచి దిగే పని నాలుగుకల్లా మొదలుపెట్టండి.