బడి తోటలో జీవామృతం పరీక్ష: 8వ తరగతితో ఎలా చేయించాలి?

చల్కనేల (ప్రశ్న):
జిల్లా పరిషత్ హైస్కూలు. ఎర్ర చల్కా నేల, 2 సెంట్ల ఖాళీ జాగా, బోరు నీళ్లు ఉన్నాయి. 8వ తరగతిలో 30 మంది. పిల్లలచేత నీళ్లు పోయించి, కలుపు తీయించి వదిలేస్తే వాళ్లకు వచ్చేదేమీ లేదు. ఒక ప్రశ్న పట్టుకుని, వాళ్లే కొలిచి జవాబు తేల్చాలి. జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి నీళ్లలో కలిపి పులియబెట్టిన ద్రావణం) నిజంగా పనిచేస్తుందా అని క్లాసులో ఇప్పటికే వాదన నడుస్తోంది. దాన్నే తీసుకోవచ్చా? దసరా సెలవుల లోపు పూర్తవ్వాలి.

గట్టుమీద:
తప్పకుండా తీసుకోండి. పిల్లలు తామే వాదించుకుంటున్న ప్రశ్న దొరకడం అదృష్టం. పంట తోటకూర పెట్టండి, 25–30 రోజుల్లో కోతకొస్తుంది. ఆగస్టు రెండో వారంలో విత్తితే సెలవుల లోపు అయిపోతుంది.

ఐదుగురికో జట్టు, జట్టుకో మడి, మొత్తం ఆరు. మడి పొడవు 3 మీటర్లు, వెడల్పు 90 సెం.మీ. అంతకన్నా వెడల్పుంటే ఈ వయసు పిల్లలకు మధ్యకు చెయ్యి అందక లోపలికి దిగి తొక్కేస్తారు. వానాకాలం కాబట్టి ఎత్తు 15 సెం.మీ. ఉండాలి.

రెండేసి మడులకు ఒక్కో పద్ధతి: ఏమీ వేయనివి రెండు, మాగిన పశువుల ఎరువు వేసినవి రెండు, అదే ఎరువుతో పాటు జీవామృతం పోసేవి రెండు. జీవామృతం ఏం చేసిందో చివరి రెండు రకాలను పోలిస్తేనే తెలుస్తుంది. చాలా బడుల్లో ఒకవైపు అన్నీ వేసి, మరోవైపు ఏమీ వేయక పోలుస్తారు. దాంతో ఫలితం దేనివల్లో తేలదు.

మోతాదు పిల్లలచేతే లెక్క కట్టించండి. ఎకరం సుమారు 4,000 చదరపు మీటర్లు. ఎకరానికి 10 టన్నుల ఎరువంటే చదరపు మీటరుకు 2.5 కేజీలు, మడికి 7 కేజీల లోపే. జీవామృతం ఎకరానికి 200 లీటర్లంటే చదరపు మీటరుకు 50 మి.లీ., మడికి 135 మి.లీ. దానికి పది రెట్లు నీళ్లు కలిపి మొదళ్లలో పోయాలి. అదే పూట మిగతా నాలుగు మడులకూ అన్నే వట్టి నీళ్లు పోయాలి, లేకపోతే తేడా నీళ్లదే కావచ్చు.

జీవామృతానికి 10 లీటర్ల నీళ్లలో అర కేజీ ఆవు పేడ, అర లీటరు మూత్రం, 100 గ్రా. బెల్లం, 100 గ్రా. శనగపిండి, గట్టు మీది మట్టి కొంచెం. నీడలో 48 గంటలు ఉంచి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పాలి. బిగుతు మూత పెట్టొద్దు, గోనెసంచి కప్పితే చాలు. వారంలోపు వాడేయాలి, మిగిలింది చెట్లకు పోయండి.

తూకంరాయి:
పై లెక్క బాగుంది. విత్తడం, తూకం గురించి చెప్తాను, ఎక్కువ ప్రాజెక్టులు అక్కడే పాడవుతాయి.

ముందు 50 గింజలు తడిగుడ్డలో కట్టి ఐదు రోజులు చూడండి. 35 కన్నా తక్కువ మొలిస్తే ఆ విత్తనం మార్చండి. మడికి 2 గ్రాముల విత్తనం చాలు, గుప్పెడు సన్నని ఇసుకతో కలిపి 20 సెం.మీ. ఎడంగా నాలుగు సాళ్లు పోయాలి. ఇసుక లేకుండా చల్లితే ఒకచోట కుప్పపడి, అక్కడే నారుకుళ్లు (మొలకలు మొదట్లో కుళ్లి పడిపోయే తెగులు) మొదలవుతుంది. చీమలు గింజలు మోసుకుపోతాయి, మడి చుట్టూ బియ్యపు నూక చల్లండి. పైన పలచగా వరిగడ్డి పరిచి, మొలక కనిపించిన సాయంత్రమే తీసేయాలి. ఆలస్యమైతే మొక్కలు తెల్లగా సాగిపోతాయి.

ఏ మడికి ఏ పద్ధతో చీటీలు వేసి తేల్చండి. మూడు మడులు ఎగువన, మూడు దిగువన చేసి, ఒక్కో వరుసకు విడిగా చీటీలు తీయాలి.

కోతప్పుడు అంచు సాళ్లు రెండూ, చివర్ల 25 సెం.మీ. వదిలేసి మధ్య రెండు సాళ్లే తూచండి. అది సరిగ్గా ఒక చదరపు మీటరు. అన్ని మడులూ ఒకే పొద్దున, వేళ్ల మట్టి దులిపి, ఆకులు వాడిపోకముందే తూచాలి. ఒకే పద్ధతి ఉన్న రెండు మడుల మధ్యే పెద్ద తేడా వస్తే జీవామృతం గురించి ఏమీ చెప్పలేమని పిల్లలు రాయాలి. ఆ వాక్యం రాయగలిగిన పిల్లకు పూర్తి మార్కులు ఇవ్వండి.

వేపగింజ:
గులాబీ రంగు పూత ఉన్న విత్తనం కొనొద్దు, అది మందు పట్టించినది. కూర మధ్యాహ్న భోజనానికి వెళ్తుంది కాబట్టి కోతకు పది రోజుల ముందే జీవామృతం ఆపేయండి, ఆకుల మీద అసలు పోయొద్దు. పేడ పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి.

చల్కనేల:
అందరికీ థాంక్స్. ఒక మడి మధ్యలో నారుకుళ్లుతో పోతే మళ్లీ విత్తాలా?

తూకంరాయి:
వద్దండీ. వయసు తేడాతో పోలిక చెడుతుంది. ఎన్నో రోజున, ఎన్ని మొక్కలు పోయాయో, ముందు రోజు ఎన్ని నీళ్లు పోశారో ఆ జట్టు రాసిపెట్టాలి. నేల పైపొర ఆరేదాకా నీళ్లు ఆపి, మిగిలిన మొక్కలు కాపాడుకోండి. ఆ మడి తూకం మాత్రం లెక్కలో కలపకండి.